అమ్మానాన్నలు మ్యూనిక్ వస్తే త్సుగ్‌ష్పిట్సె వద్దు, టేగర్న్‌జే నుంచి ష్లీర్‌జేకి నడిపించండి

ఎండాకాలంలో మ్యూనిక్‌లో మనవాళ్ళింటికి అమ్మానాన్నలు దిగారంటే చాలు, మొదటి శనివారమే వాళ్ళను జర్మనీలోకెల్లా ఎత్తయిన శిఖరం త్సుగ్‌ష్పిట్సెకు వెళ్ళే కేబుల్ కారు ఎక్కించేస్తారు. టికెట్టు మనిషికి 70 యూరోల పైనే. 2,962 మీటర్ల ఎత్తున మబ్బు కమ్మిందంటే తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు, డబ్బు వెనక్కి రాదు. పైగా అంత ఎత్తుకు నిమిషాల్లో చేరితే బీపీ మాత్రలు వేసుకునే నాన్నగారికి ఆయాసం రావచ్చు, తల తిరగొచ్చు. ఆల్ప్స్ చూపించాలంటే ఆల్ప్స్ నెత్తికే ఎక్కించాలా? మ్యూనిక్‌కు దక్షిణాన గంట రైలు దూరంలో, 1,300 మీటర్లు దాటీ దాటని పచ్చటి కొండలున్నాయి. వాటిల్లో టేగర్న్‌జే ఊళ్ళో ఎక్కి ష్లీర్‌జే ఊళ్ళో దిగే నడక దారికి నా ఓటు. రెండు చివర్లా సరస్సు ఉంది, స్టేషనూ ఉంది. కారు పెట్టిన చోటికే తిరిగి రావాల్సిన పని లేదు.

మొదటి చిక్కు కొండ మీద కాదు, రైల్లోనే. ఈ రైళ్ళు మ్యూనిక్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే మెయిన్ స్టేషన్‌లో, 27 నుంచి 36 వరకున్న ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి. అవి పక్క భవనంలో ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళతో నడవడానికి పది నిమిషాలు చేతిలో ఉంచుకోండి. బయల్దేరేటప్పుడు ఒకటే రైలు. హోల్ట్స్‌కిర్షెన్‌లో బైరిష్‌ట్సెల్ వైపు బోగీలు విడిపోతాయి, షాఫ్ట్‌లాఖ్‌లో లెంగ్రీస్ వైపు బోగీలు విడిపోతాయి. ఖాళీ ఉందని ఏదో ఒక పెట్టెలో కూర్చుంటే సగం కుటుంబం టేగర్న్‌జేలో, సగం లెంగ్రీస్‌లో తేలుతుంది. తలుపు పక్కన బోర్డు మీద ఊరి పేరు చదివే ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో ఈ బెడద లేదు, అన్నీ మ్యూనిక్కే.

టేగర్న్‌జే స్టేషన్ బయటే నొయ్‌రాయిట్ అనే కొండకు దారి చూపే పసుపు బోర్డులుంటాయి. కాసేపు ఇళ్ళ మధ్య ఎక్కాక అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు దారులు: నిటారుగా ఎక్కే వేసవి దారి, చుట్టు తిరిగినా వెడల్పుగా ఉండే శీతాకాలపు దారి. పెద్దవాళ్ళతో అయితే రెండోదే. అమ్మ చీరలో నడిచినా ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా చెప్పులతోనే. దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కితే 1,264 మీటర్ల నొయ్‌రాయిట్ వస్తుంది. తాపీగా రెండు గంటలు. కింద సరస్సు మొత్తం కనపడుతుంది, కూర్చోవడానికి బల్లలుంటాయి, తినడానికి దొరుకుతుంది. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి తిరగడం మంచిది. ఎవరో ఒకరు వాళ్ళతో దిగిపోవాలి. ఆ మాట ఇంట్లోనే అనుకుని రావాలి గానీ పైన తేల్చుకుందామంటే మొహాలు మాడతాయి.

ముందుకెళ్ళేవాళ్ళకు గట్టు మీది కాలిబాట ముప్పావు గంటలో 1,335 మీటర్ల గిండెల్‌ఆల్మ్‌ష్నైడ్ శిఖరం చేరుస్తుంది. దారి కష్టం కాదు గానీ వాన పడ్డ మర్నాడు వెళ్ళొద్దు. ఈ కొండలు ఫ్లిష్, అంటే ఇసుకరాయి పొర మీద బంకమట్టి లాంటి పొర, దాని మీద మళ్ళీ ఇసుకరాయి. నీళ్ళు ఇంకవు, బురద ఆరదు, దాని మీద చెట్ల వేళ్ళు. సాఫీ అడుగున్న స్పోర్ట్స్ షూ ఇక్కడ నిలవదు. కిందనే గిండెల్‌ఆల్మ్ పశువుల పాకలు. వేసవిలో అక్కడా తినడానికి దొరుకుతుంది. తర్వాత ష్లీర్‌జే దాకా ఎక్కువ భాగం అడవి రోడ్డే. కంకర రోడ్డు దిగడమంటే తేలిక అనుకుంటారు. రెండు గంటల పాటు ఒకే వాలు మీద ఒకే రకం అడుగు పడితే మోకాలి చిప్పల మీదే భారం పడుతుంది. చేతికర్రలుంటే ఎక్కేటప్పటికన్నా ఓ ఐదు సెంటీమీటర్లు పొడవు పెంచి దిగాలి.

టైము విషయంలో ఫోన్ యాప్ కన్నా జర్మన్లు వాడే పాత లెక్క నయం. గంటకు ఎక్కుడు 300 మీటర్లు, దిగుడు 500 మీటర్లు, చదును నడక 4 కిలోమీటర్లు. ఎక్కుడు దిగుళ్ళ టైము ఒకటి, చదును దూరం టైము ఒకటి వేసుకుని, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. ఈ దారికి ఎక్కుడు 600, దిగుడు 560, దూరం సుమారు 12 కిలోమీటర్లు. ఎక్కి దిగడానికి మూడు గంటల చిల్లర, దూరానికి మూడు గంటలు, మొత్తం నాలుగున్నర. భోజనం, ఫోటోలు, అమ్మ ప్రతి ఆవు దగ్గరా ఆగడం కలిపితే ఏడు గంటలు పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములొస్తాయి కాబట్టి ఎనిమిదింటికల్లా మ్యూనిక్ వదలాలి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఐదింటికే చీకటి.

ఆవుల మాటొచ్చింది కాబట్టి: గేటు తీసినవాళ్ళే మూయాలి. కరెంటు తీగ ఉంటే ప్లాస్టిక్ పిడి పట్టుకుని విప్పి మళ్ళీ తగిలించాలి. గోమాత కదా అని దూడ ఉన్న ఆవు నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే పొడుస్తుంది. దూరంగా తప్పుకుని వెళ్ళాలి.

ఇక తిండి. శాకాహారులను ఇక్కడ ఎవరూ కావాలని మోసం చెయ్యరు, అయినా మోసపోతాం. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా రసం ఎక్కువగా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళే. క్న్యోడెల్ ఉండల్లో పంది మాంసం ముక్కలు ఉండొచ్చు, అడిగి తీరాలి. కేజెష్పెట్స్‌లె అంటే చీజ్ వేసిన, గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్, పైన వేయించిన ఉల్లిపాయలు. గుడ్డు తినేవాళ్ళకు కొండ మీద ఇంతకన్నా దిక్కు లేదు, కారం మాత్రం శూన్యం. కైజర్‌ష్మార్న్ అంటే ముక్కలు చేసిన తీపి అట్టు, అదీ గుడ్లతో చేసేదే, ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. ఇలాంటి ప్లేటు సాధారణంగా 12 నుంచి 16 యూరోలు. అసలు ఆశ్చర్యం మజ్జిగ! చాలా పాకల్లో గ్లాసుల్లో అమ్ముతారు, చిక్కగా, పుల్లగా, ఉప్పు లేకుండా. చిటికెడు ఉప్పు పొట్లం జేబులో ఉంటే నాన్నగారి మూడ్ అక్కడితో బాగుపడుతుంది. ఇంటి పులిహోర తెచ్చుకుంటే మాత్రం హోటల్ బల్లల మీద విప్పకండి, వాళ్ళకు నచ్చదు. దారిలో విడిగా బెంచీలుంటాయి. కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, మనిషికి 30 యూరోల నోట్లు ఉంచుకోండి. వారంలో ఒక రోజు సెలవు పెట్టే హోటళ్ళూ ఉంటాయి, ముందు రోజే చూసుకోవాలి.

సరస్సు ఒడ్డున గది తీసుకోవడం దండగని నా అభిప్రాయం. ఇంటర్నెట్‌లో కనపడిన అద్దె మీద మనిషికి, రాత్రికి లెక్కన టూరిస్టు పన్ను, అపార్ట్‌మెంట్ అయితే శుభ్రం చేసిన ఖర్చు వేరే. రైలు గంటే కదా, మ్యూనిక్‌లోనే పడుకోండి. రాత్రి కొండ మీదే గడపాలని కుర్రాళ్ళకు ఉంటే ష్పిట్సింగ్‌జే అనే ఊరి నుంచి 1,884 మీటర్ల రోట్‌వాండ్ ఎక్కి, శిఖరం కింద 1,737 మీటర్ల దగ్గరున్న జర్మన్ ఆల్పైన్ క్లబ్బు (కొండలెక్కేవాళ్ళ సంఘం) వసతిలో పడుకోవచ్చు. ఎక్కుడు 800 మీటర్లు, అమ్మానాన్నలకు కాదు. క్లబ్బు సభ్యులకు ఉమ్మడి పడకల గదిలో కనీసం 10 యూరోలు తగ్గుతుంది. దుప్పటి లోపల వేసుకునే పల్చటి సంచి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, రాత్రి పదింటికి నిశ్శబ్దం. సభ్యత్వంలోనే కొండ మీద రక్షణ ఖర్చులకు 25,000 యూరోల దాకా బీమా ఉంటుంది, దానికోసమైనా చేరొచ్చు. అత్యవసరానికి నంబరు 112.

పురుగుల సంగతి కూడా. బవేరియాలో గడ్డిలోని పిడుదులు మెదడువాపు తెస్తాయి. ఇక్కడుండేవాళ్ళు మూడు డోసుల టీకా వేయించుకోవాలి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు నిండుగా ప్యాంటు, సాక్సు వేసుకుని, ఇంటికొచ్చాక మోకాలి వెనక, చంకల్లో వెతుక్కోవాలి.

రైలుకు డాయిష్‌లాండ్ టికెట్టు (జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకు, బస్సులకు చెల్లే నెలవారీ పాసు) చాలు, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ష్పిట్సింగ్‌జే బస్సుకూ అదే చెల్లుతుంది, కేబుల్ కార్లకు చెల్లదు. అమ్మానాన్నల పేర తీసుకుంటే ఒక్క సంగతి మరవకండి, అది నెలనెలా తనంతట తనే సాగే చందా. ఆ నెలాఖరుకు ఆగాలంటే 10వ తేదీ లోపు రద్దు చెయ్యాలి. లేకపోతే వాళ్ళు విజయవాడ చేరాక కూడా మీ ఖాతాలోంచి తలా 63 పోతాయి.