కర్నూలులో పొట్ట డయాలిసిస్ శిక్షణ: మబ్బు బ్యాగు మీద పట్టు ఉంది, ఆయాసం మీద లేదు

ఇంట్లో చేసుకునే పెరిటోనియల్ డయాలిసిస్‌కి (పైపుతో పొట్టలోకి చక్కెర కలిసిన మందునీళ్లు నింపి, కొన్ని గంటలకు దించి రక్తాన్ని శుభ్రం చేసే పద్ధతి) శిక్షణ, ఆ తర్వాత ఫోను సాయం. ఇచ్చేది కర్నూలులో ఒక ప్రైవేటు కిడ్నీ కేంద్రం. అయిదుకు మూడు మార్కులు.

ముందు మెచ్చుకోవాల్సింది. బ్యాగు మార్చడం నర్సు చేసి చూపించి వదిలేయరు. రోగి చేత, ఇంట్లో ఇంకొకరి చేత పదే పదే చేయిస్తారు. ఫ్యాను ఆపడం, మాస్కు, చేతులు కడగడం, ప్రతిసారీ పైపుకు కొత్త క్యాప్, ఏదీ వదలరు. బయటికొచ్చిన నీళ్ల బ్యాగు కింద అచ్చు కాగితం పెట్టి అక్షరాలు చదవమంటారు. చదవలేకపోతే నీళ్లు మబ్బుగా ఉన్నట్టే, ఇన్ఫెక్షన్ అనుమానంతో వెంటనే రావాల్సిందే. బ్యాగుల పెట్టెలు రేకుల షెడ్డులో పెట్టొద్దని చెప్పడం కూడా మన ఎండలకు తగిన మాటే.

లోటంతా ఛాతీ దగ్గర. "దమ్ము వస్తాంది" అని ఫోను చేస్తే వచ్చే జవాబు ఒక్కటే: 4.25 శాతం చక్కెర బ్యాగు, అదే ఎర్ర రంగు గుర్తుది, ఒకటి వేయండి. కొన్ని సందర్భాల్లో అది సరే. ఊరగాయ, మిరపకాయ బజ్జీల ఉప్పుతో, లెక్కలోకి రాని మజ్జిగతో ఒంట్లో నీరు చేరితే కాళ్లు వాస్తాయి, బీపీ, బరువు పెరుగుతాయి, పడుకుంటే ఆయాసం ఎక్కువవుతుంది. అక్కడ గాఢమైన బ్యాగు నీరు లాగుతుంది.

కానీ పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రం పొరలో సన్న రంధ్రమో బలహీనతో ఉన్నవాళ్లు కొందరుంటారు. పొట్టలో 2 లీటర్లు నింపగానే ఒత్తిడి పెరుగుతుంది. పైన ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీ కిందినుంచి లాగుతుంది. దాంతో నీళ్లు పైకెక్కి ఊపిరితిత్తి చుట్టూ చేరతాయి, ఎక్కువగా కుడివైపే. చాలామందికి ఇది డయాలిసిస్ మొదలైన కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. నింపిన కాసేపటికే ఆయాసం, పొడి దగ్గు, బయటికొచ్చే నీళ్లు (డ్రెయిన్) తగ్గడం దీని గుర్తులు. కాళ్ల వాపు లేకపోవచ్చు. ఇలాంటి మనిషికి ఎర్ర బ్యాగు వేస్తే పొట్టలోకి ఇంకా నీరు వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, లీకు పెరుగుతుంది. డ్రెయిన్ తక్కువొచ్చిందని రెండోది కూడా వేస్తే మరీ ప్రమాదం.

చేయాల్సింది వేరు. కొత్త బ్యాగు నింపకూడదు. లోపలున్నది దించేసి, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఛాతీ ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి. ఛాతీలోంచి సూదితో తీసిన నీళ్లలో చక్కెర, అదే సమయంలో రక్తంలో చక్కెర, రెండూ చూడాలి. 1.5 శాతం బ్యాగులోనే డెసిలీటరుకు దాదాపు 1360 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది కాబట్టి, ఛాతీ నీళ్లలో రక్తం కంటే 50 మిల్లీగ్రాములకు మించి ఎక్కువుంటే లీకును గట్టిగా అనుమానించాలి. తేడా తక్కువుందని లీకు లేదనలేం, నీళ్లు అక్కడే ఉండిపోతే చక్కెర ఇంకిపోతుంది. తర్వాత కొన్ని వారాలు హీమోడయాలిసిస్ (మిషనుతో రక్తం శుభ్రం చేయడం), మళ్లీ మొదలుపెడితే తక్కువ నీళ్లతో, పడుకునే. తిరగబెడితే ఛాతీ పొరలు అంటుకునేలా చేసే చికిత్సో, ఆపరేషనో.

శిక్షణలో టీబీ మాట అసలు రాలేదు. మన దగ్గర అది పెద్ద తప్పు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే కఫం పరీక్షకు పంపాలి, సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. బరువు తగ్గడం కూడా టీబీ గుర్తే, కానీ డయాలిసిస్ వాళ్లలో చిక్కేమంటే, కండ తగ్గుతున్నా ఆ చోటు నీరు నింపేస్తుంది కాబట్టి కాటా మీద బరువు కదలదు. రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలతో వచ్చే పొడి దగ్గు సంగతీ ఒక ముక్క చెబితే బాగుండేది.

ఇక వాళ్లిచ్చే పుస్తకం. గడులు ఐదు: టైము, బ్యాగు శాతం, లోపలికి, బయటికి, తేడా. వేసింది 2000, వచ్చింది 1500 అని వరసగా మూడుసార్లు రాసుకున్నా, పక్కన ఆయాసం రాసే చోటు లేదు. ఉదయం బరువుకూ, ఎన్ని దిండ్ల మీద పడుకున్నారన్నదానికీ గడి లేదు. మలబద్ధకం ఉన్నా, పైపు పక్కకు జరిగినా డ్రెయిన్ తగ్గుతుంది. ఆయాసం కూడా రాసి ఉంటేనే తేడా తెలుస్తుంది. బయటికొచ్చిన బ్యాగును వేలాడదీసే కాటాతో తూచేటప్పుడు ఖాళీ బ్యాగు బరువు, పైపు కడగడానికి వదిలిన (ఫ్లష్) నీళ్లు తీసేయాలని కూడా చెప్పరు. తీయకపోతే లోపల మిగిలిన నీరు లెక్కలో దాక్కుంటుంది.

రాత్రిపూట కూడా ఫోను ఎత్తుతారు, అది నిజంగా మెచ్చుకోదగ్గది. ఎత్తినవాళ్లు మాత్రం బ్యాగు రంగు చెప్పేముందు నాలుగు అడగాలి: నింపాక ఆయాసం పెరిగిందా, గత మూడు డ్రెయిన్లు ఎంత, కాళ్లు వాచాయా, మొదలుపెట్టి ఎన్నాళ్లయింది.