మనుషులను పంపుతారు, నిలపలేరు: ఒక మ్యాన్‌పవర్ కన్సల్టెన్సీతో మా ఏడాది

జడ్చర్ల దగ్గర మందుల ప్యాకింగ్ చేసే మా చిన్న యూనిట్‌కు పనివారిని సమకూర్చడానికీ, చేరినవారు మానేయకుండా ఏం చేయాలో సలహా ఇవ్వడానికీ మహబూబ్‌నగర్‌లోని ఒక మ్యాన్‌పవర్ కన్సల్టెన్సీతో గత ఏడాది ఒప్పందం చేసుకున్నాం. మొదటి పనికి ఐదులో నాలుగు మార్కులు ఇస్తాను. రెండోదానికి రెండు చాలు, అవి కూడా ఒకే ఒక్క మంచి పని చేసినందుకు.

మనుషులను తేవడంలో వీరికి వంక పెట్టలేం. అడిగిన వారంలోపే బాలానగర్, నవాబుపేట, మిడ్జిల్ వైపు ఊళ్ల నుంచి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ నంబరు అన్నీ సరిచూసి మరీ పంపేవారు. ఒక్కొక్కరికి ఒక నెల జీతం ఫీజు. 90 రోజుల్లోపు మానేస్తే మరొకరిని ఉచితంగా ఇస్తారు. ఈ షరతు మనకు లాభంగానే కనిపిస్తుంది గానీ, మందుల పరిశ్రమలో కొత్త మనిషికి పని పద్ధతులపై శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణను రికార్డు చేశాకే లైను మీదికి పంపాలి కాబట్టి, మనిషి మారిన ప్రతిసారీ ఆ శ్రమంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఖర్చు వారి బిల్లులో కనిపించదు.

ఆరు నెలలకు ఇచ్చిన నివేదిక నిరాశపరిచింది. మానేసినవారి సంఖ్యను సగటు సిబ్బంది సంఖ్యతో భాగించి, యూనిట్ మొత్తానికి ఒకే శాతం చూపించి, దాని కింద పుట్టినరోజు కేకు, ఉత్తమ ఉద్యోగి ఫొటో వంటి సలహాలు రాశారు. బహుశా హైదరాబాద్‌లోని ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకో రాసిన కాగితమే అయి ఉంటుంది. మేము హాజరు పుస్తకం ముందేసుకుని కూర్చుంటే వేరే సంగతి తేలింది. ఏడాది దాటినవారు దాదాపు కదలడం లేదు. వెళ్లేవారిలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే వెళ్తున్నారు. మిగిలినవారు పత్తి ఏరే రోజుల్లోనో, కురుమూర్తి జాతరకు సెలవు దొరకనప్పుడో మానేస్తున్నారు. పని కోసం దేశమంతా వలస వెళ్లిన పాలమూరు జనానికి పని మీద మనసు లేదని మా మేనేజర్ అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీరు చేసిన మంచి పని, మానేసినవారికి నెల తర్వాత ఫోన్ చేసి మాట్లాడించడం. వెళ్లే రోజు అడిగితే ఎవరైనా "ఇంట్ల పనుంది సార్" అనే చెబుతారు. బాకీ లెక్క తేలాక అసలు మాట బయటికొస్తుంది. రెండో షిఫ్టు రాత్రి పదింటికి ముగిశాక ఊరికి బస్సు లేదని కొందరు, ఒక సూపర్‌వైజర్ నోటికి భయపడి మానేశామని కొందరు చెప్పారు. చాలామంది మాత్రం చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి అన్నారు. పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్‌ఐకి (కార్మికుల ఆరోగ్య బీమా) 0.75 శాతం కోత పడుతుందనీ, పీఎఫ్‌కు యాజమాన్యం కూడా అంతే జమ చేస్తుందనీ, ఈఎస్‌ఐకి 3.25 శాతం కడుతుందనీ, ఈఎస్‌ఐ కార్డుతో కుటుంబానికీ వైద్యం అందుతుందనీ చేర్చుకునేటప్పుడు వారి ఏజెంటు చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

ఇప్పుడు రెండో షిఫ్టుకు వ్యాను పెట్టాం, ఆ సూపర్‌వైజర్‌ను స్టోర్స్‌కు మార్చాం, చేరిన రోజే జీతం చీటీ నమూనా చూపిస్తున్నాం, పత్తి రోజుల్లో వంతులవారీగా సెలవు ఇస్తున్నాం. ఆ తర్వాత చేరిన 11 మందిలో 9 మంది ఇంకా పనిచేస్తున్నారు.

ఒప్పందం పొడిగించే ముందు 90 రోజుల గడువును 180 చేయమని అడిగితే కన్సల్టెన్సీవారు ఒప్పుకోలేదు. అందుకే మనుషులను ఇప్పుడు మా పనివారి ద్వారానే తెచ్చుకుంటున్నాం. ఫోన్ చేసి మాట్లాడించే పనిని మాత్రం, కాల్‌కు ఇంత అని మాట్లాడుకుని, వారి దగ్గరే ఉంచాం.