స్టోన్ క్లాడింగ్ టైల్ గమ్: ముందు 1 స్టార్ ఇచ్చిన, ఇప్పుడు 4 చేస్తున్న

గోడకి రాళ్ళు అంటించే ఈ గమ్ము (నీళ్ళల్ల కలిపి పూసే సిమెంట్ పొడి) బస్తాకి ఎండాకాలంల 1 స్టార్ ఇచ్చి చాలా కోపంగ రాసిన. అది తీసేసి మళ్ళా రాస్తున్న, ఎందుకంటే రాళ్ళు ఊడింది గమ్ము వల్ల కాదు, మా కాంక్రీట్ గోడ వల్ల, మేం అంటించిన పద్ధతి వల్ల.

మాది హనుమకొండ పక్కన కొత్త ఇల్లు. జాగ వాలుగ ఉందని ముందు వైపు బేస్‌మెంట్ మొత్తం కాంక్రీట్ గోడే పోయించినం, 3 ఫీట్ల ఎత్తు, 40 ఫీట్ల పొడవు. దానికి గరుకు మొఖం తాండూరు రాయి, 20 ఎంఎం మందం పట్టీలు. ఈ మందం రాయి చదరపు అడుగుకి దాదాపు 5 కిలోలు తూగుతది, అంటే మామూలు టైల్ లెక్క కాదు. 20 రోజులు మంచిగనే ఉన్నయి, తర్వాత ఒక రాత్రి 3 పడ్డయి, వారంల ఇంకో 11. బాపు రోజూ పొద్దున్నే ఆ గోడ పక్కనే కుర్చీ ఏసుకొని కూసుంటడు. రాత్రి పడ్డయి కాబట్టి సరిపోయింది గాని ఇప్పటికీ ఆ మాట తలుసుకుంటే గుండె దడదడ అంటది.

మా వదిన తమ్ముడు సైట్లల్ల పని చూస్తడు, వచ్చి ముందు గోడ దిక్కు కూడా చూడలే, పడ్డ రాళ్ళని తిరగేసిండు. "బావా, గమ్ము మొత్తం రాయికే ఉంది చూడు, గోడ నున్నగ ఉంది, వదిలేసింది గోడ" అన్నడు. రాళ్ళు ఊడితే ఎవరైనా మొట్టమొదట చూడాల్సింది ఇదే. గమ్ము రాయికి ఉండి గోడ ఖాళీగ ఉంటే గోడల లోపం ఉన్నట్టు. గోడకి ఉండి రాయి వెనక శుభ్రంగ ఉంటే రాయికి కోత పొడి ఉన్నట్టు, లేకపోతే గమ్ము పైన పొర కట్టినంక రాయి పెట్టినట్టు.

తర్వాత మగ్గుతోని గోడ మీద నీళ్ళు చల్లిండు. కాంక్రీట్ పీల్చుకోలేదు, చుక్కలు చుక్కలుగ నిలబడి జారిపోయినయి. సెంట్రింగ్ ప్లేట్లకి (కాంక్రీట్ పోసేటప్పుడు అచ్చు లెక్క నిలబెట్టేవి) పూసిన పాత ఇంజన్ ఆయిల్ గోడకి అట్లనే ఉంది, పైగా ఇనప ప్లేట్ల వల్ల గోడ అద్దం లెక్క వచ్చింది. మా మేస్త్రి దాని మీదనే సిమెంట్ పాలు పూసి, రాయికి ఐదు ముద్దలు పెట్టి అంటించిండు. గమ్ము సిమెంట్ పాలని పట్టుకుంది, సిమెంట్ పాలు నూనె మీద ఉంది, ఇంక ఎట్ల ఆగుతది. ముద్దల మధ్యల ఖాళీలు ఉంటయి కదా, వానొస్తే అండ్ల నీళ్ళు చేరతయి.

రెండోసారి మొత్తం పీకించి గ్రైండర్‌కి డైమండ్ కప్ వీల్ (కాంక్రీట్‌ని అరగదీసే చక్రం) పెట్టి గోడ పై పొర తీయించినం, లోపలి ఇసుక రేణువులు కనిపించే దాకా. దుమ్ము బాగ వస్తది, మాస్కు లేకుండ ఎవ్వరినీ చేయనియ్యకండి. కడిగినంక మళ్ళా నీళ్ళు చల్లి చూస్తే ఈసారి గోడ వెంటనే నల్లబడి పీల్చుకుంది, అప్పుడే ధైర్యం వచ్చింది. రాళ్ళ వెనక ఇనప బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టినం. గమ్ము ముందు తాపీ చదును వైపుతో గోడకి పల్చగ గట్టిగ రుద్ది, దాని మీద 10 ఎంఎం పళ్ళ తాపీతో ఒకే దిక్కు గీతలు, రాయి వెనక కూడా నిండుగ పూత, తర్వాత రబ్బర్ సుత్తి. మధ్య మధ్యల ఒక రాయి పీకి చూసినం, వెనక అంతా అంటిందా లేదా అని. పీకితే మేస్త్రికి కోపమొస్తది, అయినా పీకాలె.

ఇంక బస్తా సంగతి. దీని మీద సీ2టీఈ ఎస్1 అని ఉంటది, అది గమ్ము ఏ రకమో చెప్పే గుర్తు. సీ2 అంటే చదరపు మిల్లీమీటరుకి కనీసం 1 న్యూటన్ పట్టు ఉండాలె, సీ1 అయితే అండ్ల సగం. టీ అంటే రాయి కిందికి జారదు, ఈ అంటే పూసినంక అంటించడానికి కొంచెం ఎక్కువ టైం ఉంటది, ఎస్1 అంటే కొద్దిగ వంగుతది. ఎండకి రాయి ఒక తీరు, కాంక్రీట్ ఒక తీరు సాగుతయి కాబట్టి బయటి గోడకి నేనైతే ఈ ఎస్1 లేకుండ కొనను. జారదన్న మాట నిజమే, ఒక్క రాయి కూడా కిందికి దిగలే. టైం మాత్రం మన ఎండల నమ్ముకోవద్దు, వేలు పెడితే అంటకపోతే ఆ గమ్ము గీకి పారేయాల్సిందే. మేం గ్రీన్ నెట్ కట్టి పొద్దున 11 లోపే పని ఆపినం. గట్టిపడ్డ గమ్ముల మళ్ళా నీళ్ళు పోసి కలపనియ్యకండి, మొదటిసారి మా దగ్గర అదీ జరిగింది.

ఒక స్టార్ ఎందుకు తీసిన్నంటే, 20 కిలోల బస్తాకి 50 చదరపు అడుగుల పైనే వస్తదని రాసిండ్రు, అది 3 ఎంఎం మందానికి. రాయికి అంత పల్చగ సరిపోదు, నాకు 25 కూడా రాలే, బస్తాలు డబుల్ అయినయి. ఇంకోటి, కలిపే పద్ధతి అంతా ఇంగ్లీష్, హిందీలనే ఉంది. కలిపేది మన మేస్త్రి, ఆయన చదివేది తెలుగు. నాలుగు లైన్లు తెలుగుల ముద్రిస్తే ఎన్ని గోడలు బతుకుతయో.

వానాకాలం మొత్తం పోయింది, మొన్న ప్రతి రాయిని నాణెంతో కొట్టి చూసిన, ఎక్కడా డొల్ల చప్పుడు రాలే, అంటే వెనక ఖాళీ లేనట్టు. బాత్రూం వైపు మూల మాత్రం చెమ్మ రాకుండ తారు పూసి ఉంది, తారు మీద ఈ సిమెంట్ గమ్ము నిలవదని అక్కడ ఆపేసినం. దానికి జాలీ (ఇనప వల) కొట్టి, అది ఊడకుండ గోడలకి యాంకర్లు (బోల్టుల లాంటివి) దించి, ప్లాస్టరింగ్ చేసి ఆరినంకనే రాయి పెట్టిస్తం, సంక్రాంతి లోపు అయితే ఫోటో పెడత.