ఐఫాబ్ రూల్స్ పుస్తకం: ఐదుకి నాలుగు స్టార్లు

ఫుట్‌బాల్ రూల్స్ రాసే ఐఫాబ్ సంస్థ ‘లాస్ ఆఫ్ ద గేమ్’ పీడీఎఫ్‌ని తన సైట్‌లో ఉచితంగానే పెడుతుంది. యాప్ కూడా ఉంది గానీ నా ఓటు పీడీఎఫ్‌కే. బడి గ్రౌండ్‌లో సిగ్నల్ ఉండదు మరి. నేను పీఈటీని, మండల పోటీల్లో విజిల్ నా చేతికే వస్తుంది.

మొత్తం 17 లాలు, అంటే రూల్స్. ఫౌల్, త్రో లాంటివి పుస్తకం లేకపోయినా నడిచిపోతాయి. ఎవరైనా అతితెలివి చూపించినప్పుడే దీని అవసరం తెలుస్తుంది.

బ్యాక్‌పాస్ రూల్ 1992లో వచ్చింది. సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోలీ (గోల్‌కీపర్) చేత్తో పట్టకూడదు, తలతో ఇస్తే పట్టొచ్చు. ఓ తొమ్మిదో తరగతి డిఫెండర్ ఇందులో సందు కనిపెట్టాడు. బంతిని బూటు ముక్కుతో పైకి లేపి, తలతో గోలీ వైపు నెట్టాడు. విజిల్ వేశాను. “తలతోనే కదండీ ఇచ్చాడు, గోలీ ఇంకా ముట్టుకోనే లేదు!” అంటూ వాళ్ల సారు గ్రౌండ్‌లోకి వచ్చేశారు. ఫోన్‌లో 12వ లా తీసి చూపించాను. రూల్‌ని తప్పించుకోవడానికి కావాలని చేసిన ట్రిక్ అయితే, గోలీ చేత్తో ముట్టినా ముట్టకపోయినా ఎల్లో కార్డు, అవతలి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ వేయడానికి వీల్లేని కిక్). ఆ ఎత్తు గోలీదే అయితే కార్డు గోలీకి. సారు రెండుసార్లు చదివి, “సరే, కానివ్వండి” అన్నారు.

అలాగని తెలివైన ఆటకి ఈ పుస్తకం అడ్డం పడదు. పెనాల్టీని గోల్‌కి కొట్టకుండా పాస్ ఇవ్వొచ్చు. బంతి ముందుకు కదలాలి, ఇంకొకరికి తగిలేదాకా కొట్టినవాడు మళ్లీ ముట్టుకోకూడదు, అంతే. 1982లో డచ్ క్లబ్ అయాక్స్‌కి ఆడుతూ క్రైఫ్, ఓల్సన్ కలిసి అలాగే గోల్ వేశారు. 2016లో బార్సిలోనాకి ఆడుతూ సెల్టా జట్టు మీద మెస్సీ పాస్ ఇస్తే సువారెజ్ కొట్టాడు. 2005లో మా ఆర్సెనల్ ఆటగాడు పిరెస్ మాత్రం సహచరుడు ఆన్రీకి ఇవ్వబోయి రెండుసార్లు తగిలించాడు, ఫ్రీ కిక్ మాంచెస్టర్ సిటీకి పోయింది. ఆ వీడియో నేనిప్పటికీ పూర్తిగా చూడలేను.

ఏటా కొత్త ఎడిషన్ వస్తుంది, పాతది దగ్గర పెట్టుకుంటే గొడవే. 2025-26 నుంచి గోలీ బంతిని 8 సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే అవతలి జట్టుకి కార్నర్.

అయితే టోర్నీ నిబంధనల కాగితం వేరే చదువుకోవాల్సిందే. 1994 కరీబియన్ కప్ క్వాలిఫయర్స్‌లో ఎక్స్‌ట్రా టైమ్ గోల్డెన్ గోల్‌ని (పడగానే ఆట ముగిసిపోయే గోల్) రెండు గోల్స్‌గా లెక్కేశారు. గ్రెనడా మీద రెండు గోల్స్ తేడాతో గెలవాల్సిన బార్బడోస్ 2-1 దగ్గర ఇరుక్కుని, ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్తే ఒక్క గోల్‌తోనే ఆ తేడా వస్తుందని, చివర్లో కావాలనే సొంత గోల్‌లో వేసుకుని 2-2 చేసింది. ఒక్క గోల్ తేడాతో ఓడినా గ్రెనడాదే ముందడుగు కాబట్టి, అప్పుడు దానికి ఏ వైపు గోల్ పడినా చాలు! బార్బడోస్ వాళ్లు రెండు గోల్‌పోస్టులూ కాచుకుని, ఎక్స్‌ట్రా టైమ్‌లో గెలిచారు. తప్పంతా టోర్నీ పెట్టినవాళ్ల లెక్కదే.

ఒక స్టార్ కోసింది తెలుగులో లేనందుకు. పిల్లలకి ప్రతి వాక్యం నేనే విప్పి చెప్పాల్సి వస్తోంది.