తేనె ఫారానికి జనవరిలోనా, మేలోనా?

గుంటూరు చుట్టుపక్కల తేనెటీగల పెట్టెలు చూసి, అక్కడే భోంచేసి రావాలంటే జనవరిలో వెళ్లండి. ధనియాల చేలు పూత మీదుంటాయి, తేనె తీయడం కళ్లారా చూడొచ్చు. పెట్టెలో తేనెపట్టు ఉండే చట్రాన్ని వెలుతురుకి ఎత్తి చూపించమనండి: ముప్పావు వంతు గదులకి మైనం మూత పడితేనే తేనె పక్వానికొచ్చినట్టు. కత్తితో ఆ మూతలు చెక్కేసి యంత్రంలో తిప్పుతారు. తొందరపడి ముందే తీస్తే తేమ 20 శాతం దాటి, సీసాలో నురగ కట్టి పులుస్తుంది. పొద్దుతిరుగుడు తేనె కొన్నారా, కొన్ని వారాల్లోనే గడ్డకడుతుంది. కల్తీ అని గొడవపడకండి, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది.

మేలో పూలెక్కడివి? ఎండకి ఈగలు పెట్టె గుమ్మం దగ్గర గుత్తిగా వేలాడుతుంటాయి, పంచదార పాకం పెట్టి బతికించుకుంటారు. పూత లేని రోజుల్లో వాటికి చిరాకెక్కువ, త్వరగా కుడతాయి. పిల్లల సెలవులని తప్పకపోతే పొద్దున ఏడింటికల్లా చేరండి. భోజనం మాత్రం మేలోనే బాగుంటుంది: మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, చిలికిన మజ్జిగ.

ఎప్పుడెళ్లినా సెంటు, నల్లబట్టలు వద్దు. గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. ఏడాది నిండని పసివాళ్లకి తేనె నాకించకండి, ఇంట్లో పెద్దవాళ్లు ముచ్చటపడినా సరే.