స్టెల్లేరియం: పగటి వెలుగును తీసేసే ఒక్క బటన్

ఆకాశాన్ని కంప్యూటర్ తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ స్టెల్లేరియం. అందులో నాకు ప్రాణమైన బటన్ ఒక్కటే. కీబోర్డు మీద ‘ఎ’ నొక్కితే వాతావరణం మాయమవుతుంది. మిట్టమధ్యాహ్నం తెర నిండా వెలుగుతున్న నీలం మరుక్షణం నల్లబడి, సూర్యుడి పక్కనే చుక్కలు బయటపడతాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ పగలు. ఇన్నేళ్ళుగా వాడుతున్నా ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. చుక్కలు ఎక్కడికీ పోవు, ఎండ వాటిని కప్పేస్తుందంతే. ఈ మాట పుస్తకంలో చదివితే సమాచారం. కళ్ళ ముందు జరిగితే వేరు.

ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. ఇన్‌స్టాల్ చేసుకోవడం, అందులో ఎన్ని నక్షత్రాలున్నాయి లాంటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది కంప్యూటర్ వెర్షన్ గురించే. ఫోన్లో వాడే యాప్ సంగతి వేరు.

నేను సైన్సు టీచర్ని కాదు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. ధ్రువుడు, త్రిశంకుడు, అగస్త్యుడు, సప్తర్షులు పాఠాల్లో వస్తూనే ఉంటారు. వాళ్ళంతా ఆకాశంలో ఉన్నారని చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ వెలితిగా ఉండేది. అందుకే ఇది పెట్టుకున్నాను. ప్రొజెక్టర్ ఆన్ చేసి మా ఊరి ఆకాశం తెర మీద వేసి, ‘ఎల్’ నొక్కి కాలాన్ని పరుగెత్తిస్తే చుక్కలన్నీ గిర్రున తిరుగుతాయి. ఒక్కటి మాత్రం కదలదు. “అదుగో, ధ్రువుడు” అంటే చాలు, ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఒకసారి ఒక పిల్ల, “అంత గొప్పవాడు మన ఊళ్ళో అంత కిందుగా ఎందుకున్నాడు టీచర్?” అని అడిగింది. మేముండేది రాజమండ్రి. అక్కడి అక్షాంశం 17 డిగ్రీలు, ధ్రువుడు కూడా ఉత్తరాన సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తాడు. ఊరు మార్చి ఢిల్లీ పెడితే పైకి జరిగాడు, కన్యాకుమారి పెడితే దాదాపు నేలకు ఆనుకున్నాడు. ఆ పిల్లకు భూగోళం పాఠం తెలుగు పీరియడ్‌లో దొరికింది.

త్రిశంకుడి విషయంలో లెక్క తారుమారవుతుంది. మనవాళ్ళు త్రిశంకుడని చూపించే దక్షిణపు చుక్కల గుంపు మే నెలలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మా ఊరికి దక్షిణాన, నేలకు 13 డిగ్రీల పైన నిలబడుతుంది. ఢిల్లీలో అదే గుంపు నేలను దాటి పైకి రావడమే కష్టం. ఉత్తరాది పిల్లలు పుస్తకంలో మాత్రమే చదివే త్రిశంకుణ్ణి మా పిల్లలు గోదావరి గట్టు మీద నిలబడి చూడొచ్చు. ఇది చెప్పినప్పుడు క్లాసులో వచ్చే గర్వం చూడాలి.

‘ఎ’కి జంటగా ‘జి’ అనే బటన్ ఒకటుంది. అది నొక్కితే కాళ్ళ కింద నేల మాయమై అవతలి సగం ఆకాశం కూడా కనిపిస్తుంది. చాలాకాలం దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. మా మేనకోడలి పెళ్ళిలో దాని విలువ తెలిసింది.

వైశాఖమాసం, మే నెల మధ్య. ముహూర్తం పొద్దున పదిన్నర దాటాక. జీలకర్ర బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు అయ్యేసరికి పన్నెండు కావస్తోంది. పురోహితులు గారు వధూవరులను అరుంధతీ దర్శనానికి మండపం బయటికి తీసుకొచ్చారు. ఎండ మండిపోతోంది. ఆయన ఉత్తరం వైపు వేలు చూపించి మంత్రం చెబుతుంటే వెనక నిలబడ్డ ఓ కుర్రాడు, “పగలు చుక్కలేంటి తాతా?” అని గట్టిగా అడిగేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు వాడు.

పెళ్ళికూతురి చిన్ననాటి ఫొటోల వీడియో వేయడానికి నా ల్యాప్‌టాప్ హాల్లోనే ఉంది. వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని స్టెల్లేరియం తెరిచాను. ‘ఎ’ నొక్కాను. చుక్కలొచ్చాయి. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ఎఫ్3 నొక్కి అరుంధతి కోసం వెతికాను. ఇందులో ఆ చుక్క పేరు ఆల్కార్. తెర ఉత్తరం వైపు తిరిగి నేరుగా నేలను చూపించింది. ఎత్తు దగ్గర మైనస్ 13 డిగ్రీలని ఉంది. ‘జి’ నొక్కాను. నేల తొలగిపోయింది. ఉత్తరానికి కాస్త తూర్పుగా, మేము కూర్చున్న చాపకన్నా కిందుగా అరుంధతీ వసిష్ఠులిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. వేసవిలో ఈ వేళప్పుడు సప్తర్షి మండలం చాలావరకు మనకు భూమి అంచు కింద ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఇంతలో పిల్లలందరూ మూగారు. పిన్ని వచ్చి తొంగిచూసి విషయం అర్థమయ్యాక కోప్పడింది. “శుభమా అని పెళ్ళి జరుగుతుంటే చుక్క భూమి కింద ఉందంటావేమిటే?” నాకు టెన్షన్ మొదలైంది. పురోహితులు గారికి వినపడనే వినపడింది. ఆయన అక్షతల పళ్ళెం పక్కన పెట్టి వచ్చి తెర ముందు వంగి చాలాసేపు చూశారు. “ఉన్నమాటే చూపిస్తోంది కదమ్మా” అన్నారు పిన్నితో. “మనం చెప్పేది ఆ దంపతుల మాట. అది పగలైనా చెబుతాం, రాత్రయినా చెబుతాం.” తర్వాత నా వైపు తిరిగి, “ఎన్నింటికి పైకొస్తుందమ్మా?” అని అడిగారు. ‘ఎల్’ నొక్కి కాలాన్ని కదిలించాను. మధ్యాహ్నం రెండు దాటిన కాసేపటికి ఈశాన్యం వైపు నేల అంచులోంచి అరుంధతి పైకొచ్చింది. రాత్రి ఎనిమిదికి ఆకాశంలో సగం ఎత్తుకు చేరింది. “అయితే రాత్రికి మళ్ళీ చూపిద్దాం” అన్నారాయన.

ఆ రాత్రి ఎనిమిది తర్వాత అందరం ఫంక్షన్ హాలు డాబా ఎక్కాం. ఉత్తరం వైపు సీరియల్ లైట్లు ఆపమని అడిగితే హాలువాళ్ళు ఆపారు. సప్తర్షుల తోకలో మూడు చుక్కలు, వాటి మధ్యలోది వసిష్ఠుడు. అది అందరికీ కనిపించింది. దాన్ని ఆనుకుని ఉన్న సన్నటి చుక్కను ముందు పెళ్ళికొడుకు పట్టుకున్నాడు, తర్వాత కళ్ళజోడు సర్దుకుని మా మేనకోడలు, ఆ తర్వాత పొద్దున అడిగిన కుర్రాడు. పిన్నికి మాత్రం ఎంత చూసినా కనిపించలేదు. ఆవిడ కిందకొచ్చాక, “నీ దాంట్లో చూపించవే” అంది. జూమ్ చేసి చూపించాను. పెద్ద చుక్క, పక్కన చిన్న చుక్క. “ఇంత దగ్గరగా ఉంటారా!” అని చేతులు జోడించింది.

అప్పటి నుంచి ఆ పురోహితులు గారు ఏదైనా పెళ్ళికి ముందు ఫోన్ చేస్తారు. “అమ్మా, ఈ ముహూర్తానికి అరుంధతి ఎక్కడుంది?” నేను చూసి చెబుతాను. శ్రావణమాసంలో పొద్దున పదకొండుకి ఈశాన్యం వైపు ఆకాశంలోనే ఉంటుంది, ఎండలో కనబడదంతే. ఫిబ్రవరి మధ్యలో, మాఘమాసపు పెళ్ళిళ్ళ రోజుల్లో, పదకొండున్నరకి వాయవ్యంలో దిగిపోతుంది. ఆయన ఇప్పుడు పెళ్ళివారికి సరిగ్గా ఆ దిక్కే చూపించి, “ఎండ అడ్డం గానీ అక్కడే ఉంది” అని చెబుతున్నారు. నేల కింద ఉన్న రోజున రాత్రి ఎన్నింటికి డాబా ఎక్కాలో కూడా చెబుతున్నారు.

మా మేనకోడలు ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటుంది. ఓసారి వీడియో కాల్‌లో, “అత్తా, ఇక్కడ అరుంధతి ఎప్పుడు లేస్తుంది?” అని అడిగింది. ఎఫ్6 నొక్కి ఊరు మార్చి చూస్తే అక్కడ అసలు అస్తమించడమే లేదు. అంత ఉత్తరాన అరుంధతి ధ్రువుడి చుట్టూ తిరుగుతూ ఎంత కిందికొచ్చినా నేలకు సుమారు అయిదు డిగ్రీల పైనే ఉంటుంది. పగలూ రాత్రీ ఏ వేళ పెళ్ళయినా అరుంధతి అక్కడ ఆకాశంలోనే ఉంటుందన్నమాట. తను సంబరపడిపోయింది.

ఇంకో అనుభవం చిన్నగా చెబుతాను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా పోయింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. ఆ చుట్టుపక్కలే పెరిగిన మా అమ్మ ఆ మధ్యాహ్నమంతా తలుపులు వేసిన గదిలో గడిపింది. ఆ తేదీ, ఆ చోటు పెట్టి మూడున్నర తర్వాత కాలాన్ని నెమ్మదిగా నడిపించాను. ‘ఎ’ నొక్కాల్సిన పని పడలేదు, ఆకాశం తనంతట తానే చీకటైంది. నల్లటి సూర్యుడికి పైన బుధుడు, ఇంకా పైన శుక్రుడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా చూసి, “ఇంకోసారి పెట్టు” అంది.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పాలి. ‘ఎ’ నొక్కితే వచ్చేది మన డాబా మీద కనిపించే ఆకాశం కాదు. తెర మీద అరుంధతిని చూసిన పిల్లలు ఇంటికెళ్ళి పైకి చూస్తే వీధి దీపాల వెలుగులో అది దొరకదు. మరుసటి రోజు వాళ్ళ ముఖాల్లో నిరాశ చూశాను. అందుకే ఇప్పుడు ముందుగా ఎఫ్4 నొక్కి, ఊరి దీపాల వెలుగును ఎక్కువ చేసి మా వీధిలో కనిపించే పాటి చుక్కలే చూపిస్తాను. ఆ తర్వాతే ‘ఎ’. ఈ క్రమం చాలా అవసరం. నేల అంచుకు రెండు మూడు డిగ్రీల పైన ఉన్న చుక్కను ఇది చక్కగా చూపిస్తుంది. అసలు ఆకాశంలో ఆ ఎత్తున మసకే తప్ప ఏమీ ఉండదు.

కథలు చెప్పడానికి ఇది మంచిదని మొదట్లో చాలామందితో అన్నాను. ఇప్పుడైతే, కథ చెప్పేవాళ్ళ చేతిలో మంచిదని అంటాను. దీనంతట ఇది కథ చెప్పదు. ఒక్కో జాతివాళ్ళు ఆకాశాన్ని ఎలా చూశారో విడివిడిగా పెట్టారు, భారతీయుల నక్షత్రాలూ ఉన్నాయి, కానీ మా అమ్మమ్మ చూపించిన పిల్లలకోడి, వేగుచుక్క కథల కోసం వెతికితే నాకు దొరకలేదు. అవి మనమే నోటితో చెప్పుకోవాలి. చుక్కలు, తేదీలు, మాటలు వరసగా నడిపించే స్క్రిప్టులు రాసుకునే వీలుంది. ధ్రువుడి కథకు ఒకటి రాశాను. బాగానే నడిచింది. అయినా మానేశాను. సగంలో ఎవడో, “ధ్రువుడు ఎప్పుడూ కదలడా టీచర్?” అంటాడు. అప్పుడు కథ ఆపి, అయిదు వేల ఏళ్ళ వెనక్కి వెళ్ళి, ఉత్తర ధ్రువం దగ్గర తూబాన్ అనే వేరే చుక్క ఉండటం చూపించాలి. భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్ళకోసారి చుట్టు తిరుగుతుంది కాబట్టి ఆ స్థానంలో చుక్కలు మారుతుంటాయని చెప్పాలి. స్క్రిప్టు ఆ ప్రశ్న కోసం ఆగదు. నేను ఆగగలను.

మా బడిలో ప్రొజెక్టర్ ఉంది, నాకు పురాణాలు చెప్పే పని ఉంది, అడిగితే డాబా లైట్లు ఆపేవాళ్ళున్నారు. ఈ మూడూ కలిసొచ్చాయి కాబట్టి నాకిది ఇంత నచ్చిందేమో. పిల్లల చేతికిచ్చి వాళ్ళంతట వాళ్ళే నేర్చుకోవాలనుకునే తల్లిదండ్రులకు ఇంతగా నచ్చుతుందని ఖాయంగా చెప్పలేను. వివరణల్లో చాలా భాగం ఇంగ్లీషే, బటన్లు లెక్కలేనన్ని. గ్రాఫిక్స్ సరిగ్గా లేని పాత కంప్యూటర్లలో నడవకపోవచ్చు, అలాంటప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ వెర్షన్ ఉంది గానీ దానికి ఇంటర్నెట్ కావాలి.

పెట్టుకునేవాళ్ళు మొట్టమొదట ఎఫ్6 నొక్కి మీ ఊరు ఎంచుకోండి. మొదట తెర అడుగున కనిపించే చెట్లు ఫ్రాన్స్‌లోని గెరాన్స్ అనే పల్లెవి. ఎఫ్4లో ల్యాండ్‌స్కేప్ దగ్గర వాటిని మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఏదైనా మధ్యాహ్నం పన్నెండింటికి ‘ఎ’ నొక్కి చూడండి.