62వ పంజాబీస్ ఆఫీసర్ కోటు వెంట లండన్: ఏ ఆర్కైవ్ ముందు, బస ఎక్కడ

బ్రిటిష్ ఇండియా సైన్యపు 62వ పంజాబీస్ పటాలంలో పనిచేసిన ఆఫీసర్ కోటు ఒకటి మ్యూజియంకు విరాళంగా వచ్చిందనుకోండి. దాన్ని తొడుక్కున్న మనిషి సర్వీసు వివరాల కోసం లండన్ వెళ్లేవాళ్లలో చాలామంది దిగీదిగగానే క్యూ గార్డెన్స్ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌కు పరుగెత్తుతారు. పేరు పెద్దది, కేటలాగు బాగుంటుంది కాబట్టి. అక్కడే రెండు రోజులు పోతాయి. మొదటి ప్రపంచ యుద్ధపు ఆఫీసర్ల ఫైళ్లున్న డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 339, డబ్ల్యూఓ 374 వరసలు ప్రధానంగా బ్రిటిష్ సైన్యానివి. భారత సైన్యం ఆఫీసర్ల కాగితాలు లండన్ నుంచి భారత పాలన చూసిన ఇండియా ఆఫీసులో చేరాయి, ఇప్పుడు అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందుకే ఇలాంటి కోటుకు ముందు యూస్టన్ రోడ్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, తర్వాత క్యూ (నేషనల్ ఆర్కైవ్స్ ఉన్న చోటు), చివర చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం. ఈ వరస తప్పితే టికెట్ డబ్బులు దండగ.

విమానం ఎక్కేముందు కోటునే చదవాలి. లోపలి జేబులో గానీ మెడపట్టీ కింద గానీ దర్జీ లేబుల్ ఉంటుంది. ఆఫీసర్లు యూనిఫారం సొంత డబ్బుతో కుట్టించుకునేవారు కనుక లేబుల్ మీద సిరాతో పేరు, తేదీ రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పేరును వెంటనే నమ్మకూడదు. యూనిఫారాలు చేతులు మారేవి, లేబుల్ మీద ఉన్నది మొదటి యజమాని కావచ్చు. భుజం మీది నక్షత్రాలు లెక్కపెట్టేటప్పుడు 1902ను గుర్తుపెట్టుకోవాలి. అంతకుముందు కెప్టెన్‌కు రెండు, లెఫ్టినెంట్‌కు ఒకటి, సెకండ్ లెఫ్టినెంట్‌కు ఏమీ లేదు. ఆ తర్వాత మూడు, రెండు, ఒకటి. రెండు నక్షత్రాల కోటు ఏ కాలానిదో తేలకుండా హోదా రాసేస్తే కెప్టెన్ లెఫ్టినెంట్ అయిపోతాడు. గుండీల మీది కిరీటం కాలాన్ని చెబుతుంది: 1901 నుంచి 1952 దాకా ట్యూడర్ కిరీటం, 1953 నుంచి ఎలిజబెత్ రాణి కాలమంతా సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. గుండీ వెనక తయారీదారు పేరు ఉంటే అదీ ఫొటో తీయాలి. ఒక్క గుండీ మిగతావాటికి సరిపోకపోతే అది తర్వాత కుట్టించింది, దాన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోకూడదు. భుజం పట్టీల మీద పాత రంధ్రాలు, మణికట్టు దగ్గర విప్పేసిన కుట్ల గుర్తులు పదోన్నతుల జాడ. ఇత్తడికి పాలిష్ పెట్టొద్దు, గుండీలు ఊడదీయొద్దు. ముందు, వెనక, లోపల, ప్రతి బ్యాడ్జీ, రిబ్బన్ పట్టీ, అన్నిటికీ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసుకుంటే చాలు.

విరాళం ఇచ్చిన కుటుంబం చెప్పే మాటలు రాసుకోవాలి గానీ హోదా, యుద్ధం పేరు మాత్రం కాగితంతో సరిచూడాలి. కుటుంబాల నోట మేజర్లు కల్నల్‌లు అవడం మామూలే.

అన్నిటికంటే ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది రెజిమెంట్ నంబరు. 1903లో భారత సైన్యాధిపతి కిచెనర్ చేసిన సంస్కరణల్లో మద్రాస్ పదాతిదళాల పాత నంబర్లకు 60 కలిపారు. 1వ మద్రాస్ పయనీర్స్ 61వ పయనీర్స్ అయింది. 2వ మద్రాస్ ఇన్‌ఫెంట్రీ 62వ పంజాబీస్ అయింది, నియామకాలు పంజాబ్‌కు మారినా నంబరు మద్రాస్ వరసదే. 1922లో అదే పటాలం 1వ పంజాబ్ రెజిమెంట్ 1వ బెటాలియన్‌గా మారింది, 1947లో ఆ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. అంటే 1900లో చేరి 1925లో రిటైరైన ఒకే ఆఫీసర్, ఒక్క అడుగు కదలకుండానే, మూడు పేర్ల కింద దొరుకుతాడు. ఒక్క పేరుతో వెతికితే సర్వీసు మధ్యలో తెగిపోయినట్టు కనిపిస్తుంది. పంజాబ్ పేరు చూసి మద్రాస్ రికార్డులు వదిలేస్తే మొదటి భాగం మొత్తం పోతుంది. మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఇంటి నుంచే అయ్యే పని కూడా ఉంది. లండన్ గెజెట్ ఆన్‌లైన్‌లో ఉచితం, కమిషన్ (ఆఫీసర్‌గా నియామకం), పదోన్నతి తేదీలు అందులో దొరుకుతాయి. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ డిజిటైజ్ చేసిన సైనిక జాబితాల్లో ఇండియన్ ఆర్మీ లిస్టులూ ఉన్నాయి. ఇక్కడ ఒక చిక్కు. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల నుంచి భారత సైన్యానికి వచ్చేవాళ్లను ముందు 'అన్‌అటాచ్డ్ లిస్ట్'లో పెట్టి, దాదాపు ఏడాది భారత్‌లో ఉన్న ఒక బ్రిటిష్ పటాలంతో పని నేర్పించేవారు. ఆ ఏడాది మనిషి భారతీయ రెజిమెంట్ పేజీలో కనబడడు. కనబడలేదని ఆ పేరు కొట్టేయకండి, తర్వాతి ఏడాది లిస్టు తెరవండి.

ఇక బ్రిటిష్ లైబ్రరీ. మూడో అంతస్తులోని ఆసియన్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ రీడింగ్ రూమ్‌లో అడగాల్సిన వరసలు ఇవి: ఈస్టిండియా కంపెనీ కాలపు క్యాడెట్ పత్రాలకు ఎల్-మిల్-9 (L/MIL/9), మద్రాస్ ఆఫీసర్ల సర్వీసుకు ఎల్-మిల్-11, ఇరవయ్యో శతాబ్దపు సర్వీసు ఫైళ్లకు ఎల్-మిల్-14, ఆర్మీ లిస్టులకు ఎల్-మిల్-17. మద్రాస్ ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల రిజిస్టర్లు ఎన్-2లో ఉన్నాయి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఆఫీసర్లను విడదీయడానికి వీటంత నమ్మకమైనవి లేవు. రీడర్ పాస్ ఉచితం, గుర్తింపుకు ఒకటి, చిరునామాకు ఒకటి చూపాలి. పాస్‌పోర్ట్‌తో పాటు ఇంగ్లిష్‌లో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. 2023 అక్టోబర్ సైబర్ దాడితో ఇక్కడి కేటలాగు, ఆర్డర్ సేవలు బాగా దెబ్బతిన్నాయి. అందువల్ల కావాల్సిన ఫైలు నంబర్లు ముందే ఈమెయిల్ చేసి, అందుబాటులో ఉన్నాయన్న జవాబు వచ్చాకే తేదీలు ఖాయం చేసుకోవడం మేలు. సిబ్బందికి ఈ రికార్డుల మీద ఉన్న పట్టు మాత్రం గొప్పది, వరస నంబరు చెప్పి అడిగితే దారి చూపిస్తారు.

నేషనల్ ఆర్కైవ్స్‌లో సేవ మూడింటిలోకీ సాఫీగా ఉంటుంది. రీడర్ టికెట్ ఉచితం, ఫైళ్లు ముందే ఆర్డర్ చేయవచ్చు, సొంత కెమెరాతో ఫొటోలకు రుసుము లేదు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లాలి. మన కోటుకు ఇక్కడ పనికొచ్చేవి మూడు: డబ్ల్యూఓ 372లో పతకాల ఇండెక్స్ కార్డులు, డబ్ల్యూఓ 95లో మొదటి యుద్ధపు వార్ డైరీలు (పటాలాల రోజువారీ నమోదులు), 1935 తర్వాతి శౌర్య పురస్కారాల సిఫార్సులకు డబ్ల్యూఓ 373. ఆఫీసర్లు పతకాల కోసం తామే దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి కార్డు మీద చాలాసార్లు ఇంటి చిరునామా ఉంటుంది. దాన్ని విరాళం ఇచ్చినవారి కుటుంబ వివరాలతో పోల్చవచ్చు. భారత సైన్యం ఆఫీసర్లందరికీ ఈ కార్డు ఉండదు. వార్ డైరీ వెతకాల్సింది రెజిమెంట్ పేరుతో కాదు, యుద్ధరంగం, డివిజన్, బ్రిగేడ్ వరసలో. 62వ పంజాబీస్ సూయజ్ దగ్గరా మెసొపొటేమియాలోనూ పనిచేసింది కనుక రెండు చోట్లా చూడాలి. ఆఫీసర్ బ్రిటిష్ సైన్యం నుంచి మారినవాడైతే డబ్ల్యూఓ 339లో ఫైలు ఉండవచ్చు. కానీ అసలు సర్వీసు ఫైలు 1940 బాంబు దాడిలో కాలిపోయింది, మిగిలింది ఎక్కువగా ఉత్తరప్రత్యుత్తరాల ఫైలే. గాయాలు, సెలవులు, పింఛను గురించి అందులో బాగా తెలుస్తుంది.

చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం గ్యాలరీలు ఉచితం. పరిశోధనకు మాత్రం టెంప్లర్ స్టడీ సెంటర్‌లో ముందస్తు అపాయింట్‌మెంట్ ఉండాలి. బెంగాల్ సైన్యపు ఆఫీసర్ల మీద హాడ్సన్ కార్డుల సూచీ ఉన్నది ఇక్కడే. మద్రాస్ కోటుకు అది అంతగా అక్కరకు రాదు. కానీ అదే రెజిమెంట్ యూనిఫారాలు, ఫొటోలు సేకరణలో ఉంటే పోల్చి చూసే వీలు మరోచోట దొరకదు. ఒక్క పూట చాలు.

బసకు రెండు ప్రాంతాలు ఆలోచించాలి. యూస్టన్, కింగ్స్ క్రాస్ దగ్గరైతే లైబ్రరీకి నడిచి వెళ్లవచ్చు. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లోని ఇండియన్ వైఎంసీఏ కూడా నడిచే దూరమే, భారతీయ భోజనం దొరుకుతుంది. క్యూకు మాత్రం ఇక్కడి నుంచి దాదాపు గంట: విక్టోరియా లైన్‌లో హైబరీ అండ్ ఇస్లింగ్టన్, అక్కడ మిల్డ్‌మే లైన్ మారాలి. ఎర్ల్స్ కోర్ట్ దగ్గర దిగితే డిస్ట్రిక్ట్ లైన్ ఒక్కటే అటు క్యూ గార్డెన్స్‌కు, ఇటు మ్యూజియం దగ్గరి స్లోన్ స్క్వేర్‌కు మారకుండా తీసుకెళ్తుంది. అక్కడి చవక హోటళ్లు చాలావరకు పాత ఇళ్లే, లిఫ్ట్ ఉందో లేదో అడిగి బుక్ చేయండి. మన పనిలో సగం పైగా లైబ్రరీలోనే కాబట్టి మా ఓటు యూస్టన్‌కే. క్యూ ఆది, సోమవారాలు మూసి ఉంటుంది, లైబ్రరీ సోమవారం తెరుస్తుంది. సోమవారం లైబ్రరీతో మొదలుపెట్టి, రాత్రి ఏడు దాకా తెరిచి ఉండే మంగళ, గురువారాలు క్యూకు ఉంచి, మధ్యలో బుధవారం మళ్లీ లైబ్రరీకి వస్తే, క్యూలో దొరికిన కొత్త పేరునో తేదీనో అక్కడే సరిచూసుకోవచ్చు. శుక్రవారం చెల్సీ.